లోపలి రాత

ట్రాలీ బాబాయ్ గోదాములో నలభై రెండో అర దగ్గర ఆగాడు. ఒక చేత్తో ట్రాలీ పట్టుకుని, రెండో చెయ్యి డొక్కకి అదుముకుని ఊపిరి కోసం తంటాలు పడుతున్నాడు. చొక్కా జేబులో ఫోను మాట్లాడింది. "తొంభై సెకన్లు దాటింది. కదలండి." ఆ రోజుకి అది మూడోసారి. మర్నాడు పొద్దున గేటు దగ్గర ఆయన కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. పద్దెనిమిదేళ్లుగా ఆ గోదాములో సరుకు మోసిన మనిషి, కార్డుని చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టాడు, మళ్లీ తుడిచాడు.

వెనక వరసలో నిలబడ్డ దారక్క ఇదంతా చూసింది. ఆమె లోపలికి వెళ్లి ట్రాలీ పట్టుకుంది. కంపెనీ ఆ పొద్దున్నే ఆమె ఫోనులోనూ పెట్టించిన యాప్ మొదటి మలుపులో అంది: "మలుపులో మెల్లగా." ఆ రెండు మాటలూ ఆమె రాసినవే. బాబాయ్ మోకాలి కోసం రాసినవి.

ఆరేళ్ల కిందటి సంగతి. అర అర తిరిగి పెట్టెలు తెచ్చే పనిలో కాళ్లు వాచిపోతుంటే, సెలవు రోజుల్లో ఒంటిగదిలో కూర్చుని పుస్తకాలు చూసి నేర్చుకుని, ఏ అర నుంచి ఏ అరకి దగ్గర దారో చెప్పే ప్రోగ్రాం రాసింది. పేరు 'దారి'. అందుకే ఆమె దారక్క అయింది. దాన్ని నెట్‌లో పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఏమైనా చేసుకోవచ్చు అనే లైసెన్సు తగిలించింది. ఆ సలహా మాస్టారిది. ఏదో కాలేజీలో పాఠాలు చెప్పే, నెట్‌లో పరిచయమైన మనిషి. ఆయన మొహం ఆమె చూడలేదు, గొంతు వినలేదు. కానీ ఆరేళ్లుగా ఆమె ప్రోగ్రాంలో తప్పులు దిద్దుతూ, రోజూ నాలుగు ముక్కలు రాసేవాడు. పనయ్యాక తలుపు తీస్తే ఆమె కోసం ఎదురుచూసేవి ఆ నాలుగు ముక్కలే.

కంపెనీ అందరి ఫోన్లలోనూ బలవంతంగా పెట్టించిన యాప్ లోపల ఉన్నది 'దారే'. పైన సెకన్లు లెక్కపెట్టే కాపలా తొడిగి, లోపల ఏముందో కనపడకుండా మూసేశారు.

దారక్క సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది. "సెకన్లు ఎలా లెక్కేస్తోందో చూపించండి."

"అది కంపెనీ రహస్యం."

"రాసింది నేనండీ."

"తెలుసు. ఏమైనా చేసుకోండి అని రాసింది కూడా నువ్వేగా. చేసుకున్నాం." అతని గొంతులో కోపం కూడా లేదు.

విషయం మధ్యాహ్నానికల్లా గోదామంతా పాకింది. ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. ఒకామె మొహం మీదే అడిగింది: "బాబాయ్‌ని గెంటేసింది నీ తెలివితేటలేనా?" వారం రోజులు ఆమెతో మాట్లాడింది ఫోనొక్కటే.

ఆదివారం ఇస్త్రీ దుకాణం మేడ మీద పనివాళ్ల మీటింగు. పిలవకపోయినా వెళ్లింది. సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే మనిషి, అందరూ వదిన అని పిలిచే ఆవిడ, గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"వచ్చావా. ఏడవడానికైతే పో, చెప్పేదుంటే చెప్పు."

దారక్క చెప్పింది. ఇంకో రకం లైసెన్సుంది. తీసుకో, మార్చుకో, అమ్ముకో. కానీ ఎవరి చేతిలో పెడతావో వాళ్లకి లోపలి రాత, అంటే ప్రోగ్రాం అసలు కోడు, అది కూడా ఇవ్వాలి. ఏ హక్కులతో తీసుకున్నావో అవే హక్కులు వాళ్లకీ ఇవ్వాలి. పాతది పోయింది, దాన్ని వెనక్కి లాగలేం. కొత్తది మాత్రం అలా విడుదల చేయొచ్చు. కంపెనీ కట్టిన కొత్త బిల్డింగులో మూడు అంతస్తులున్నాయి, పాత 'దారి'కి మెట్లూ లిఫ్టులూ తెలియవు. కంపెనీకి కొత్తది కావాలి.

"మన ఫోన్లలో పెడితే?" అంది వదిన.

"మనకి లోపలి రాత ఇచ్చి తీరాలి. అడిగే హక్కు నా ఒక్కదానిది కాదు, ఫోనున్న ప్రతి ఒక్కరిదీ."

మాస్టారి మాట కూడా విందామని ఆయన్ని ఫోనులో కలిపారు. ఆమె ఆ గొంతు వినడం అదే మొదటిసారి. ముసలి గొంతు, మెత్తనిది.

"షరతు పెట్టి ఇచ్చేది స్వేచ్ఛ ఎలా అవుతుందమ్మా? వాడు దుర్మార్గుడని అందరి చేతులూ కడతావా?"

వదిన ముందుకొచ్చింది. "అయ్యా, మీరు చెప్పే స్వేచ్ఛ ఎవరికి? మూసేసుకునేవాడికి అది వచ్చింది. మా జేబుల్లోకి మాత్రం రాలేదు."

"మాస్టారూ, నేను చేతులు కట్టడం లేదు," అంది దారక్క. "తలుపు మూయొద్దంటున్నానంతే."

"అయితే నా దారి నాది," అన్నాడాయన. తర్వాత ఆ నాలుగు ముక్కలు రావడం ఆగిపోయింది. ఆమె మూడుసార్లు రాసింది. నాలుగోసారి రాసి, పంపకుండా చెరిపేసింది.

దారక్క కొత్త 'దారి'ని ఆ లైసెన్సుతో నెట్‌లో పెట్టిన మూడు వారాలకి కంపెనీ దాన్ని తీసుకుని అందరి ఫోన్లలోకీ తోసింది. లైసెన్సు చదివే అలవాటు వాళ్లకి లేదు. ఆ సోమవారం రెండు వందల పదిహేడు మంది సంతకాలతో, వేలిముద్రలతో కాగితం సూపర్‌వైజర్ బల్ల మీదికి చేరింది. *మా ఫోన్లలో మీరు పెట్టినదాని లోపలి రాత మాకివ్వండి. ఏ సెకను ఎందుకు లెక్కేస్తున్నారో మేం చదవాలి.* ఇచ్చేదాకా ట్రాలీ కదలదన్నారు.

గంటలో పోలీసులొచ్చి, కంపెనీ రహస్యాలు దొంగిలించిందని దారక్కని తీసుకుపోయారు.

స్టేషన్‌లో ఆమె కోసం ఎవరూ రాలేదు. రావాల్సిన వాళ్లంతా గేటు దగ్గర కూర్చున్నారు. ఆ సంగతి తెలిసినా, తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసింది. రెండో రోజు మధ్యాహ్నం కంపెనీ వకీలు వచ్చి కాగితం, కలం ముందు పెట్టాడు.

"ఈ లైసెన్సు వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెట్టండి. కేసుండదు, ఉద్యోగముంటుంది. అవతలి ఊళ్ల గోదాముల్లో కూడా ఇదే కాగితం పట్టుకుని కూర్చున్నారు. వాళ్లెవరో మీకు తెలుసా?"

"తెలీదండి. ఒక్కరూ తెలీదు."

"తెలియని వాళ్ల కోసం ఎందుకమ్మా ఈ అవస్థ?"

దారక్క కాగితాన్ని చివరిదాకా చదివింది. కలానికి మూతపెట్టి ఆయన వైపు జరిపింది.

"పెట్టినా లాభం లేదండీ. ఆ హక్కు వాళ్లందరికీ ఇచ్చేశాను. ఇప్పుడది వెనక్కి తీసుకోవడం నా చేతిలో కూడా లేదు. వాళ్లనే అడగండి, ఒక్కొక్కరినీ."