పువ్వుకు పోసిన మంచినీళ్లు

మూసాపేటలో ఆ కిరాయి గది నిండా ఉప్పు వాసన.

ఎండిన ఊరు. బండరాళ్ల ఊరు. కొండాపూర్ వైపు నుంచి వడగాలి. అయినా గదిలో తడి ఉప్పు వాసన… నాచు వాసన…

గోడ పక్కన గాజుతొట్టి. తొట్టిలో సముద్రం. సముద్రంలో ఒక పువ్వు.

పువ్వంటారు గానీ పువ్వు కాదు. ప్రాణి. రాయిని కరుచుకుని, మెత్తటి రేకులు చాపి, అందినదాన్ని మింగి బతికే ప్రాణి.

ఆ గదిలో కాపురం పుణ్యవతిది. ఆమె తమ్ముడు రామబ్రహ్మం భీమిలి రాళ్ల మీంచి తెచ్చాడు దాన్ని. రెండు చారల చేపల్ని, గుప్పెడు నత్తల్ని కూడా. రైల్లో క్యాన్ ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. “అక్కా, సముద్రం లేదని ఏడుస్తావుగా, ఇదిగో” అని నవ్వాడు.

తరువాత దివిసీమకు పోయాడు. ఉప్పుమళ్లలో పనికి.

కార్తీకంలో ఉప్పెన వచ్చింది.

తుఫానని రేడియో చెప్పిందట. ఉప్పుమళ్లలో రేడియో ఎవడికుంది? చెప్పామంటారు. ఎవరికి చెప్పారు?

శవం దొరకలేదు.

దొరకలేదు కాబట్టి పోలేదు, అంటుంది పుణ్యవతి. అంతే. ఇంకెవరూ నోరెత్తకూడదు.

రోజూ తెల్లవారి తలస్నానం. తడిచీర. చింతపండుతో తళతళా తోమిన రాగిబిందె. ఎండకు తొట్టిలో ఎంత నీరు ఆరిందో అంత మంచినీరు పోస్తుంది — ఆరేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. తమ్ముడి పేరు చెప్పి పోస్తుంది. చుట్టూ ఉప్పునీళ్లే, వాడికి దాహమేస్తుంది, అంటుంది.

ఎండలు ముదిరాయి. పువ్వు ముడుచుకుంది.

ముడుచుకున్నది మళ్లీ విచ్చలేదు.

ఆమె భర్త చలపతిరావు బాలానగర్‌లో ఇనుప సామానుకు రాగిపూత పూసే కార్ఖానాలో పనిచేస్తాడు. అతను కారణం వెతికాడు. ఉప్పెక్కువైందా? పాలవాడి లాక్టోమీటర్ అడిగి తెచ్చి ముంచాడు. సరిగానే ఉంది. నీళ్లు పులిశాయా? లిట్మస్ కాగితం ముంచాడు. సరిగానే ఉంది. అడుగున కుళ్లిందా? ఇసుక కడిగాడు. మేత తగ్గించాడు.

గది కిరాయికిచ్చిన ఇంటావిడ సక్కుబాయి గుమ్మంలో నిలబడి చూసింది. “ఏంది సారూ, పాలోని పుల్ల గిండ్ల ముంచిన్రు? సముద్రంల గూడ నీళ్లు కలుపుతున్రా ఏంది?”

పుణ్యవతి నవ్వలేదు.

నత్తలు చచ్చాయి. పువ్వు చస్తోంది. చేపలు మాత్రం హాయిగా ఈదుతున్నాయి… ఇదేం నీళ్లు?

కార్ఖానా వెనక కాలువ దగ్గర అతనికి తెలిసింది. రాగిపూత కడిగిన నీళ్లు వదిలే కాలువ. యజమాని వదులుతాడు, కింద ఊళ్ల గొడ్లు తాగుతాయి, అడిగేవాడు లేడు. రోజూ దాటే కాలువే. ఆ రోజు చూశాడు. నాచు లేదు. నత్త ఒక్కటి లేదు.

రాగి.

చింతపండు పులుపు తగిలి మెరిసే రాగి. బిందెలోంచి నీళ్లలోకి దిగే రాగి. కంటికి కనపడదు. మనిషికి మంచిదంటారు. పువ్వుకు విషం. నీరు ఆరిపోతుంది, రాగి మిగిలిపోతుంది. పువ్వు ఎంత వాడితే ఆమె అంత భక్తిగా పోసింది.

దాచడం అతనికి చేతకాలేదు. ఇంటికొచ్చి చెప్పేశాడు.

“రాగి వద్దు పుణ్యం. ఇత్తడీ వద్దు. మట్టికుండతో పొయ్యి.”

“గంతేనా? మా ఇంట్ల కొత్త కుండున్నది, జర ఆగుండ్రి” అంది గుమ్మంలోంచి సక్కుబాయి. ఉరికి తెచ్చి గడప మీద పెట్టింది.

పుణ్యవతి కుండ వంక చూసింది.

“తమ్ముడికి నా చేత కుండ పట్టిస్తారా అండీ?”

సక్కుబాయి కొంగు నోట్లో కుక్కుకుంది.

పోయినవాడి పేరునే కదా కుండ పట్టేది, కుండ నీళ్లు ధారపోసేది. రాగిబిందె పట్టినన్నాళ్లూ రామబ్రహ్మం ఉన్నాడు. ఏ ఒడ్డునో, దాహంగా ఉన్నాడు. కుండ పడితే లేడు.

“పేరు చెప్పకుండా పొయ్యి” అన్నాడు చలపతిరావు.

“పేరు లేకపోతే ఎవరికండీ ఈ నీళ్లు?”

అతను కుండ తెచ్చి రాగిబిందె పక్కన పెట్టాడు.

రాగితో పోస్తే పువ్వు పోతుంది. కుండతో పోస్తే తమ్ముడు పోతాడు.

తెల్లవారింది. ఆమె తలస్నానం చేసింది. రాగిబిందె ముందు నిలబడింది… కుండ ముందు నిలబడింది…

కుండ ఎత్తింది.

పెదాలు కదిలాయి. మళ్లీ కదిలాయి.

“రామం… తాగరా.”

పోసింది. మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.

పువ్వు ముడుచుకునే ఉంది. చచ్చిందో, ఆలోచిస్తోందో.

పొద్దెక్కింది. వడగాలి లేచింది. పోసిన నీళ్లు అప్పుడే ఆరిపోతున్నాయి…