ఎల్లవ్వ ఎడమ కాలు

మరమగ్గాల పనికి వలసొచ్చి ఉంటున్న డిండోలిలో, నల్లా నీళ్లు వచ్చే వేళకు ఎల్లవ్వ ఎడమ కాలు ఇంట్లో ఉండేది కాదు. ఎన్నో ఏళ్ల కిందటి పెద్ద భూకంపంలో గోడ కూలి దాని మీద పడ్డప్పటి నుంచి అది ఆమె మాట వినదు. పగలంతా కట్టెలా పడి ఉంటుంది. తెల్లవారగానే మాత్రం తనంతట తాను విడివడి, మెట్లు దిగి ఎక్కడికో వెళ్లి, పొద్దుటి చాయ్ వేళకు వచ్చి అతుక్కుంటుంది. గల్లీలో వాళ్లు పక్కకు జరిగి దారి ఇస్తారు.

ఆమె మొగుడు ఆగయ్యకు మాత్రం ఆ కాలు మీద నమ్మకం లేదు. నిజానికి ఆయనకు దేని మీదా నమ్మకం లేదు. పాలవాడు నీళ్లు కలుపుతాడని, పెళ్లాం పని ఎగ్గొట్టడానికి కుంటుతోందని ఆయన అనుమానం. కరోనా వచ్చాక సాక్ష్యం కూడా దొరికింది. తిరిగొచ్చిన కాలు శానిటైజర్ వాసన కొట్టింది.

"యాడికి పోతున్నదే నీ కాలు?"

"నాకేమెరుక? నాకు చెప్పి పోతదా?"

"దవాఖానకే పోతున్నది. రోగం ఇంటికి మోసుకొస్తది, సూడు."

కాలిని సబ్బుతో కడిగి, మరమగ్గం సాంచా తాడుతో మంచం కోడుకు కట్టేశాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున భూమి కాస్త కదిలింది. పెద్ద నష్టమేమీ లేదన్నారు అందరూ. కానీ డాబా పిట్టగోడ కూలి, కింద నీళ్లు పడుతున్న కోడలు మంగ కాలి మీద పడింది. పాదం పక్కకు తిరిగిపోయింది. మంగ అరుపుకు గల్లీ అంతా బయటికొచ్చింది.

కొడుకు పరుశురాం ఆటోను పిలిచాడు. ఆగయ్య అడ్డం నిలిచాడు.

"దవాఖాన నిండ కరోనానే. పసుపు వెట్టి వెదురు బద్దలతోని నేను కట్టు కడతా. జర ఆగుండ్రి, రెండు దినాలు సూద్దాం."

ఎల్లవ్వ మంచం మీద నుంచే అంది. "నాకు గూడ గిట్లనే కట్టినవ్. గిదే మాటన్నవ్."

అప్పుడే తాడు పుటుక్కున తెగింది. కాలు గడప దాటి, ఆటో ఎక్కి, డ్రైవర్ పక్కన కూర్చుంది. మంగను ఎత్తుకుని పరుశురాం వెనక ఎక్కాడు. ఆగయ్య కూడా ఎక్కక తప్పలేదు.

దవాఖాన పెద్ద గేటు దగ్గర అంబులెన్సులు బారులు తీరి ఉన్నాయి. కాలు బొటనవేలితో వెనక సందు చూపించింది. ఎముకల వార్డును అక్కడి పాత షెడ్డులోకి మార్చారని ఎవరికీ తెలియదు.

"రోజూ ఒక్కదానివే వచ్చేదానివి," అన్నాడు వాచ్‌మన్ కాలితో హిందీలో. "ఇవాళ మనుషుల్ని కూడా తెచ్చావే!"

డాక్టరమ్మ మంగ పాదం నొక్కి చూసింది. "వెంటనే తెచ్చారు, నయం. రెండు రోజులు ఆగి ఉంటే రక్తం అందక చచ్చుబడేది. బతికినంత కాలం ఈడ్చుకుంటూ నడిచేది."

ఆగయ్య ఆమెను కూడా అనుమానించాలని చూశాడు. చేతకాలేదు.

ఆ ఏడు బతుకమ్మకు మంగ గల్లీలో ఆడింది. పాదం సరిగ్గా వేస్తోందా లేదా అని ఆగయ్య అరుగు మీద నుంచి గుచ్చి గుచ్చి చూశాడు. సరిగ్గానే వేస్తోంది. ఆయన పక్కన కూర్చున్న ఎల్లవ్వ పాటకు చప్పట్లు కొడుతోంది.

"నిన్ను గూడ ఆనాడే తీస్కపోవల్సుండె," అన్నాడు ఆగయ్య మెల్లగా.

"నాకెరుకే," అంది ఎల్లవ్వ, చప్పట్లు ఆపకుండా.