మంచి మట్టి వాసన

గోపాలరాజు ముక్కు సంగతి చుట్టుపక్కల పది ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు తవ్వినవాళ్ళు వేలమంది ఉంటారు, వాళ్ళందరికీ ముక్కులూ ఉంటాయి. కానీ చెరువు అడుగు నుంచి తీసిన గుప్పెడు మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "అడుగు పాడవుతోంది, రేపట్నుంచి మేత సగానికి తగ్గించండి" అని ఖరాఖండీగా చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. ఆ ప్రాంతపు నేల నల్లరేగడి. బాగున్నా నలుపే, కుళ్ళినా నలుపే, కంటికి ఏమీ తెలియదు. రొయ్యలు తినగా మిగిలిన మేత అడుగున చేరి కుళ్ళితే విషం పుడుతుంది, వాటికి ఊపిరాడదు. ఆ సంగతి అందరికంటే ముందు వాసనే చెబుతుంది. అందుకని రైతులు కవర్లో మట్టి కట్టుకుని మోటారు సైకిళ్ళ మీద ఆయన గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. ల్యాబ్ రిపోర్టు సాయంత్రానికి వచ్చేది, రాజుగారి రిపోర్టు చేతిలో కాఫీ చల్లారేలోపు వచ్చేది.

ఆ ముక్కు కాస్తా రెండువేల ఇరవై ఒకటి మే నెలలో పోయింది.

అన్నదమ్ములిద్దరికీ ఒకే వారంలో కరోనా వచ్చింది. ఒకే ఆసుపత్రి, పక్కపక్క మంచాలు. గోపాలరాజుకి జ్వరం తగ్గింది గానీ అన్నగారు గంగరాజుకి ఆయాసం తగ్గలేదు. తొమ్మిదో రోజున ఆయన ఆక్సిజన్ మాస్కు పక్కకి లాక్కుని, "తేజాకి మట్టి నేర్పరా" అన్నాడు. ఇంకేదో అనబోతుంటే నర్సు వచ్చి మాస్కు సరిచేసింది. మర్నాడు ఆయన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి తీసుకుపోయారు. వరండా అంతా ఫినాయిలు కుమ్మరించి కడుగుతున్నారు, కళ్ళు మండుతున్నాయి, వాసన మాత్రం లేదు. అన్న పోయిన దుఃఖంలో గోపాలరాజు దాన్ని లెక్కచెయ్యలేదు.

తేజా అంటే రవితేజ, గంగరాజు ఒక్కగానొక్క కొడుకు. చదువు పాడవుతుందని చిన్నప్పటి నుంచీ వాణ్ణి హాస్టళ్ళలో ఉంచాడే తప్ప తండ్రి ఏనాడూ చెరువు గట్టు ఎక్కనివ్వలేదు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ, లాక్‌డౌన్‌లో ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. తండ్రి దినం అయిన నాడు బాబాయి పక్కన అరుగు మీద కూర్చుని మనసులో మాట చెప్పాడు.

"నాన్న చెరువు నేనే చేస్తాను బాబాయ్ గారూ. మీరు దగ్గరుండి నేర్పండి. ఈ ఒక్క పంటా నిలబెట్టగలిగితే ఉద్యోగం మానేసి ఇక్కడే ఉండిపోతాను. లేదంటే ఇది నా వల్లయ్యే పని కాదని ఆఫీసువాళ్ళు పిలవగానే వెళ్ళిపోతాను."

గోపాలరాజుకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో రెండు కుటుంబాలకీ మిగిలింది ఈ ఒక్క కుర్రాడు. "నేర్పుతానురా, నేర్పకేం" అన్నాడు ఆయన.

ముక్కు లేదన్న మాట అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ మనిషికి పరువు జబ్బు ఒకటుంది, దానికి ఇంకా టీకా రాలేదు. పైగా డాక్టరు, "అందరికీ వచ్చేస్తోందండీ, ఒకటి రెండు నెలలు ఓపిక పట్టండి" అన్నాడు. ఎలాగూ వచ్చే ముక్కు కోసం వాణ్ణి బెదరగొట్టడం దేనికనుకున్నాడు ఈయన. ముక్కు లేని గురువు దగ్గర ఎవడుంటాడన్న భయం దానికింద దాక్కుని ఉంది.

అప్పటి నుంచి అన్నీ ఒక్కొక్కటే తిరిగొస్తూ ఉన్నాయి. షాపులు తెరిచారు. బళ్ళు తెరిచారు. శ్రావణంలో పెళ్ళిళ్ళు జరిగాయి, పందిట్లో జనం మాస్కులు తీసేసి మూతులు చూపించుకుంటూ నవ్వుకున్నారు. నరసాపురం ప్యాసింజరు మళ్ళీ గేటు దగ్గర కూత వేసింది. టీవీవాళ్ళు జనజీవనం సాధారణ స్థితికి వచ్చిందని చెప్పారు. గోపాలరాజు మాత్రం రోజూ పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి ఇంగువ డబ్బా మూత తీసి, గుండెల నిండా పీల్చి, మళ్ళీ మూత పెట్టేవాడు. వినాయకచవితికి వచ్చేస్తుందన్నాడు. దసరాకి వచ్చేస్తుందన్నాడు. దీపావళి మందులు కాల్చి ఊరంతా పొగ కమ్మితే, ఆయన వీధిలో నిలబడి ఆ పొగలో ఏదో వెతుక్కున్నాడు.

భార్య వరలక్ష్మమ్మకి మాత్రం తెలిసిపోయింది. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే ఈయన పక్కనే కూర్చుని నింపాదిగా పేపరు చదువుకుంటున్నాడు.

"ఏవండీ, తేజాకి చెప్పెయ్యండి. వాడు మిమ్మల్ని నమ్ముకుని కూర్చున్నాడు" అంది ఆవిడ.

"ముప్ఫై ఏళ్ళ అనుభవం ముక్కులోనే ఉందా ఏంటి? నాకు తెలుసులే" అని ఆయన మాట దాటేశాడు.

నిజానికి తప్పు అంతకుముందే జరిగిపోయింది. ఒక పంట అయ్యాక చెరువు ఎండగట్టి, నేల బీటలిచ్చాక అడుగున పేరుకున్న మడ్డి ఎత్తించాలి, ఆ తర్వాతే కొత్త రొయ్య పిల్ల వెయ్యాలి. ఆ ఏడు రోగాల మధ్యా చావు మధ్యా ఆ పని ఎవరూ చెయ్యలేదు. చెరువు చూసుకునే బుల్లబ్బాయి ఆగస్టులో చేతులు కట్టుకుని, "మడ్డి ఎత్తించేద్దామేమోనండి" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా గంగరాజు చెరువు మీదే ఉన్న మనిషి అతను. గోపాలరాజు మట్టి తీయించి, ముక్కు దగ్గర పెట్టుకుని, అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. ఏమీ లేదు. ఉత్త గాలి. రవితేజ ఎదురుగా నిలబడి ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

"బానే ఉంది. పిల్ల వేసేయండి" అన్నాడు ఆయన.

పిల్ల వేసిన పక్షం రోజులకి మొదటి పాఠం చెప్పాడు. బుల్లబ్బాయి మునిగి, చెరువు నడిమధ్య నుంచి గుప్పెడు మట్టి తెచ్చాడు. రవితేజ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. పట్నంలో ఉండొచ్చినవాడు, మట్టంటే అంతేలే అనుకున్నాడు గోపాలరాజు.

"మొదట్లో అలాగే ఉంటుంది. బాగా పీల్చు. గుర్తుపెట్టుకో. ఇదిరా మంచి మట్టి" అన్నాడు.

రవితేజ బుద్ధిగా మళ్ళీ పీల్చాడు. ఆ పూట నుంచి రోజూ పీలుస్తూనే ఉన్నాడు. ల్యాబ్‌కి కూడా ఒకసారి పంపిద్దామా అని ఒకటి రెండుసార్లు అడిగాడు గానీ, "నా ముక్కుండగా నీకు ల్యాబ్ ఎందుకురా" అని బాబాయి నవ్వేసరికి వాడూ నవ్వి ఊరుకున్నాడు. రొయ్యలు కూడా బాగానే ఎదుగుతున్నాయి మరి. డెబ్భై రోజులకి చేతిలో పెట్టుకుంటే బరువు తెలిసేంతయ్యాయి. ఇంకో పాతిక రోజులు గడిస్తే పట్టుబడి, వల వేసి అమ్ముకోవడమే. రవితేజ రాజీనామా ఉత్తరం రాసి పెట్టుకున్నానని తనతో చెప్పాడని వరలక్ష్మమ్మ అంటే విని గోపాలరాజు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, రుచి తెలియకపోయినా.

దీపావళి వెళ్ళిన వారానికి బుల్లబ్బాయి మట్టి తెచ్చి ఇస్తూ, "ఒక్కరవ్వ కంపుగా ఉన్నట్టుందండి, రాజుగారూ" అన్నాడు, రవితేజకి వినపడనంత మెల్లగా.

గోపాలరాజు ఆ క్షణాన మేత ఆపించి, నీళ్ళు మార్పించి ఉంటే పంట దక్కేది. కానీ ఒప్పుకోవడమంటే మూడు నెలల అబద్ధం ఒప్పుకోవడం. గట్టు మీద రవితేజ చూస్తున్నాడు.

"నీ ముక్కు నాకు అరువిస్తావేంటి బుల్లబ్బాయీ? మట్టి చూడ్డం నువ్వు నాకు నేర్పుతావా?" అని గట్టిగానే కసిరాడు.

"ఆయ్, తమరు చూశాక నేనేమంటానండి" అని బుల్లబ్బాయి తల వంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

తర్వాత మూడు రోజులు మబ్బు పట్టింది. సూర్యుడు మొహం చూపించలేదు, ఎండ లేక నీళ్ళలో గాలి తగ్గిపోయింది. నాలుగో రోజు తెల్లవారుతుండగా ఫోను మోగింది. "బాబాయ్ గారూ, రొయ్యలు తేలుతున్నాయి" అన్నాడు రవితేజ.

ఆయన వెళ్ళేసరికి నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి, నీళ్ళు తెల్లగా ఎగజిమ్ముతున్నాయి. గట్టు పొడవునా, నీటి అంచున, రొయ్యలు మీసాలు పైకెత్తి గాలికోసం అల్లాడుతున్నాయి. రవితేజ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి రెండు చేతులతోనూ నీళ్ళు కొడుతున్నాడు, ఆ చేతులు ఆరెకరాల చెరువుకి గాలి పంపగలవన్నట్టు. "నాన్నకీ ఇదే కదా బాబాయ్ గారూ అందలేదు" అన్నాడు ఒకసారి. గోపాలరాజు గట్టు మీద కూలబడ్డాడు. ఎండ వచ్చేసరికి అల్లాడేవి కూడా లేవు.

మధ్యాహ్నానికి వలలు వేసి చచ్చిన రొయ్యల్ని గట్టు మీద పోశారు. ఇరుగుపొరుగు రైతులు నలుగురైదుగురు వచ్చి నిలబడ్డారు. రవితేజ మేత చీటీ చేతిలో పట్టుకుని అదే పనిగా చూసుకుంటున్నాడు.

"నేనే ఎక్కడో పొరపాటు చేశాను బాబాయ్ గారూ. మేత ఎక్కువ వేసుంటాను. మట్టి మాత్రం బానే ఉంది, నిన్న సాయంత్రం కూడా చూశాను" అన్నాడు.

చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూ గోపాలరాజు చేతులు వెనక్కి కట్టుకుని, ఆ రొయ్యల కుప్ప పక్కనే నిలబడ్డాడు. ఎండ చురుక్కుమంటోంది. కుప్ప మీద ఈగలు ముసిరాయి. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆయన అలా ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. తల ఎత్తి చూసేసరికి చుట్టూ ఎవరూ లేరు. రైతులు దూరంగా పై గట్టు మీదికి వెళ్ళిపోయారు. ఒకడు తుండుగుడ్డ మొహానికి కట్టుకున్నాడు. మిగతావాళ్ళు ఎప్పుడో జేబుల్లో మడిచి మర్చిపోయిన మాస్కులు తీసి పెట్టుకున్నారు. రవితేజ షెడ్డు పక్కన వంగి వాంతి చేసుకుంటున్నాడు, బుల్లబ్బాయి వాడి వీపు రాస్తున్నాడు.

రవితేజ మూతి తుడుచుకుని లేచాడు. కుప్ప పక్కన ఒక్కడే, ముక్కు మూసుకోకుండా, హాయిగా ఊపిరి తీసుకుంటూ నిలబడ్డ బాబాయిని చూశాడు.

"బాబాయ్ గారూ, మీకు వాసన రావట్లేదా?"

అలవాటేరా అనే మాట నాలిక చివరదాకా వచ్చింది. అంటే వాడు నమ్మేవాడు కూడా. కానీ ఆయనకి ఇక ఓపిక లేదు.

"రాదురా. మే నెల నుంచి రాదు" అన్నాడు.

పై గట్టు మీద రైతులు ఇటు తిరిగారు. రవితేజ తిడతాడనుకున్నాడు ఆయన. తిడితే బాగుండుననుకున్నాడు. వాడు నెమ్మదిగా దగ్గరికొచ్చి, మాస్కు పైకి లాక్కుని, చిన్నపిల్లాడు లెక్క తప్పెక్కడుందో వెతుక్కున్నట్టు మాట్లాడాడు.

"మొదటి రోజే కుళ్ళిన గుడ్డు కంపు కొట్టింది బాబాయ్ గారూ. మీరు ఇదే మంచి మట్టి అన్నారు. అందుకని అలవాటు చేసుకున్నాను. రోజురోజుకీ కంపు పెరుగుతుంటే ఇంకా బాగుపడుతోందనుకున్నాను. చెరువు నుంచి వచ్చాక నాన్న ఒంటి మీద ఇదే వాసన ఉండేదేమో, హాస్టల్లో ఉండి నాకు తెలియలేదేమో అనుకుని, ఒక్కోరోజు కావాలని ఎక్కువసేపు పీల్చేవాణ్ణి."

గోపాలరాజుకి తల తీసేసినట్టయింది.

"మరి మంచి మట్టి వాసన ఎలా ఉంటుంది?" అని అడిగాడు రవితేజ.

చెప్పాలని ఆయన నోరు తెరిచాడు. ముప్ఫై ఏళ్ళు వేల గుప్పిళ్ళు పీల్చిన మనిషి. కళ్ళు మూసుకుని వెతికాడు. ఆరు నెలల్లో అది లోపలి నుంచి కూడా పోయింది. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

రవితేజ బుల్లబ్బాయి వైపు తిరిగాడు. బుల్లబ్బాయి చెప్పమంటారా అన్నట్టు రాజుగారి వంక చూశాడు. గోపాలరాజు తల ఊపాడు.

"వాన పడ్డాక పెరటి నేల ఉంటుంది కదండీ, అలాగుంటదండి. కంపనేదే ఉండదండి" అన్నాడు బుల్లబ్బాయి.

రవితేజ సరేనన్నాడు. బోరింగు దగ్గరికి వెళ్ళి సబ్బు పెట్టి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. షెడ్డులోంచి ల్యాప్‌టాప్ సంచి తెచ్చి భుజానికి తగిలించుకున్నాడు.

"ఆఫీసువాళ్ళు జనవరి మూడో తారీకు నుంచి రమ్మని మెయిల్ పెట్టారు బాబాయ్ గారూ. మొన్ననే వచ్చింది. మీకు చెప్పలేదు" అన్నాడు. మోటారు సైకిలు గట్టు దిగి రోడ్డెక్కే దాకా వెనక్కి చూడలేదు.

గోపాలరాజు వంగి, గట్టు అంచున తడి మట్టి గుప్పెడు తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు.

"అది పాడైపోయిందండి, రాజుగారూ" అన్నాడు పక్కనుంచి బుల్లబ్బాయి.