బుర్ర డాక్టరుకు బస్సు పరీక్ష

ముసలి బుర్రల్లో కొన్ని ఎందుకు మరిచిపోతాయో, కొన్ని ఎందుకు మరిచిపోవో తేల్చడానికి ఆ డాక్టరు తన నెత్తిమీది జుట్టంతా ధారపోశాడు. ఆయన గదిలో గోడగడియారం కూడా టైము తప్పు చెప్పడానికి జంకేదట. అలాంటి మనిషి ఆ ఉదయం ఓ పెద్దాయన్ను కూర్చోబెట్టి, మాటలు అప్పజెప్పించి, బొమ్మలు గీయించి, "మతిమరుపు మొదలైంది" అని చీటీ రాశాడు.

పెద్దాయన చీటీ జేబులో పెట్టుకుని, "అయ్యా, ఇక ఫ్యాను విప్పమంటారా?" అన్నాడు. ఆయన ఎలక్ట్రీషియన్! మొహమాటస్తుడు, అడిగినవన్నీ చేశాడు.

డాక్టరు ఆ చీటీ లాక్కుని చింపి దండం పెట్టాడే గానీ, ఆయన గుండెల్లో రాయి పడింది. తన బుర్రే చెడితే రేపే ఆ కుర్చీ వదిలెయ్యాలి. తనకు తాను పరీక్ష పెట్టుకుందామంటే, ప్రశ్నలన్నీ తను రాసినవే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు! సరాసరి వెళ్ళి అక్క వంటింట్లో వాలాడు.

"అక్కా, నాకో కొత్త పరీక్ష పెట్టవే."

"చిన్నప్పుడు నువ్వు గోడ దూకి..."

"పాతవి వద్దు. అవి అంత తొందరగా పోవు. ఇప్పుడు విన్నది నిలుస్తుందో లేదో చూడాలి."

అక్క బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. కుర్చీలు వరసగా వేసి, తమ్ముణ్ణి కూర్చోబెట్టి, "ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ గుర్తుపెట్టుకో. రైట్ రైట్!" అని గోడ చరిచింది. "మొదట కోళ్ళగంపతో ఓ లావుపాటాయన ఎక్కాడు. తర్వాత కవలల్ని చంకనేసుకుని ఓ తల్లి. ఆసుపత్రి దగ్గర కోళ్ళాయన దిగాడు. బ్యాండుమేళం ఎక్కింది."

అక్క చెప్పే బస్సుకు బ్రేకులుండవు. ఏనుగు ఎక్కింది. అది చూసి డ్రైవరు దిగిపోయాడు. డాక్టరు కళ్ళు మూసుకుని చెమటలు కక్కుతున్నాడు.

"మలుపులో కోళ్ళాయన తూలి ఏనుగు మీద పడ్డాడు..."

"ఆగాగు! కోళ్ళాయన ఆసుపత్రి దగ్గరే దిగిపోయాడుగా!"

డాక్టరు కవలల దగ్గర్నుంచి ఏనుగు దాకా గడగడా అప్పజెప్పి గెంతేశాడు. "నా బుర్ర భేషుగ్గా ఉందే! పొద్దున్నది వట్టి పరాకు. రేపు డ్యూటీకి పోతున్నా!"

అంతలో ఆయన చూపు మారింది. మెల్లగా పెన్ను తీశాడు. "అక్కా, దిగినవాణ్ణి మరిచిపోయావే. ఇవాళ ఏ వారమో చెప్పు?"

"నీ మొహం వారం! వాడు వెనక తలుపులోంచి మళ్ళీ ఎక్కాడురా, టిక్కెట్టు లేకుండా. నేను చూశాను, నువ్వు చూళ్ళేదు. నాకే చీటీ రాస్తావా? దిగు బస్సు!"

డాక్టరు పెన్ను జేబులో పెట్టుకుని లేచి, ఏనుగు తోక తొక్కకుండా పక్కనుంచి ఒదిగి, దిగిపోయాడు.