త్రాసక్క పెట్టిన చుక్క

త్రాసక్క అసలు పేరుతో బజారులో ఎవరికీ పని పడలేదు. కంప్యూటర్ సామాను ఏదిచ్చినా అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, రెండుసార్లు ఎగరేసి, అసలుదో నకిలీదో చెప్పేసేది. ముఖ్యంగా కంప్యూటరుకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాల విషయంలో ఆమె మాటకు తిరుగులేదు. మంచి కంపెనీ డబ్బాలో రాగి, ఇనుము నిండుగా ఉండి బరువు తూగుతుంది. ఊరూ పేరూ లేనిది చేతిలో తేలిపోతుంది. నచ్చిన డబ్బా అడుగున గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టేది. చుక్క పడ్డాక విప్పి చూస్తానంటే ఆమెకు ఒళ్లు మండేది.

తమ్ముడిది వేరే దారి. మరలు విప్పి, లోపల తల దూర్చి చూసి, గంటసేపు బల్బులు వెలిగించి పరీక్షిస్తే తప్ప దేన్నీ నమ్మడు. అలా విప్పి చూసిన ఒక పేరులేని డబ్బా, వీధిలో లేతు మిషను నడిపే మేస్త్రీ కంప్యూటరుకు బాగుంటుందన్నాడు.

"పేరులేని సరుకు నా షాపులోంచి పోదు," అంది అక్క. "ఆయన కూడా పేరున్నదే వెయ్యమన్నాడు."

"పేరు గొప్ప ఊరు దిబ్బ అక్కా. పోనీ, ఆ పేరున్నదాన్ని ఒక్కసారి విప్పనీ."

"నా చేతికంటే నీ స్క్రూడ్రైవరు ఎక్కువట్రా?"

ఆమె పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. పేరున్న డబ్బాకు చుక్క పెట్టి, బిగించి రమ్మని తమ్ముణ్ని పంపింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం లేతు మేస్త్రీ వచ్చాడు. ఒక చేతిలో గోనెసంచి, ఇంకో చేతిలో మూరెడు రెంచి. చొక్కా మీద రక్తం ఎండి అట్టకట్టింది. వస్తూనే కౌంటరు అద్దం మీద ఒక్క దెబ్బ వేశాడు. గాజుపెంకులు షాపంతా చిమ్మాయి.

"మీ డబ్బా పేలింది. మా తమ్ముడు దాని ముందే వంగి ఉన్నాడు. వాడి కన్ను పోయింది! పేరున్నదే వెయ్యమన్నానా లేదా? ఏ చెత్త పెట్టార్రా?"

త్రాసక్క తమ్ముడి వైపు తిరిగింది. ఆమెకు అనుమానం కాదు, ఏకంగా నమ్మకమే కలిగింది. తన పంతం నెగ్గించుకోవడానికి దారిలో మార్చేసి ఉంటాడు. చెంప ఛెళ్లుమనిపించింది.

"మార్చేశావు కదూ?"

"లేదక్కా! నువ్విచ్చిందే బిగించాను."

"ఇంకా అబద్ధం!" రెండో చెంపా వాయించింది. అతని పెదవి చిట్లి రక్తం కారింది.

సొంత అక్కే కొట్టాక మేస్త్రీకి వేరే సాక్ష్యం ఎందుకు? తమ్ముడి జుట్టు పట్టి ఈడ్చి, కుడిచెయ్యి బల్లకేసి అదిమి, రెంచితో బాదాడు. పుల్ల విరిగినట్టు చప్పుడైంది. తమ్ముడి కేకకు ఎదురు షాపువాళ్లు బయటికొచ్చి, రెంచిని చూసి లోపలికి పోయారు. అక్క అడ్డం వెళ్లలేదు. చేసినదానికి అనుభవించనీ అనుకుంది. అవును, అలాగే అనుకుంది.

ఆ సరుకు తనది కాదని చూపించడానికి గోనెసంచిలోంచి కాలిన డబ్బా తీసింది. అడుగున మసి తుడిచింది.

ఎర్రచుక్క.

చీలిన రేకును వట్టి చేతుల్తో పీకింది. వేళ్లు తెగినా ఆగలేదు. లోపల సగం ఖాళీ. రాగి ఉండాల్సిన చోట జిగురుతో అంటించిన ఇనుపదిమ్మ ఉంది. చేత్తో తూచేవాళ్లను మోసం చెయ్యడానికే ఎవడో లెక్కగా పెట్టిన బరువు అది.

తమ్ముడూ చూశాడు. చిన్నగా తల అడ్డంగా ఊపాడు, మాట్లాడొద్దని.

"ఏమైంది? చెప్పండి!" అని మేస్త్రీ అరిచాడు.

"నేనే మార్చానన్నా," అన్నాడు తమ్ముడు. "అక్కకేం తెలీదు."

రెంచి మళ్లీ లేచింది. త్రాసక్క తమ్ముణ్ని పక్కకు తోసేసి, రక్తం కారుతున్న తన కుడిచెయ్యి బల్ల మీద పరిచింది.

"వాడు నన్ను కాపాడ్డానికి అంటున్నాడు. తూచింది నేను, చుక్క పెట్టింది నేను. విప్పి చూద్దామంటే వాణ్ని విప్పనివ్వలేదు. మీ తమ్ముడి కన్ను తీసింది ఈ చెయ్యే. కొట్టండి."

మేస్త్రీ ఆమె ముఖం వంక ఒక్క క్షణం చూసి, కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత రెంచి అక్కడే పారేసి, పగిలిన గాజు మీద కూర్చుని తన తమ్ముణ్ని తలుచుకుని ఏడ్చాడు.

ఆమె వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. ఇప్పటికీ జనం అలవాటుకొద్దీ డబ్బా తెచ్చి ఆమె ముందు చాపుతారు. ఆమె తమ్ముడి వైపు చూపిస్తుంది. అతను వంకర వేళ్లతో మరలు విప్పుతుంటే ఆమె ఎడంచేత్తో డబ్బా కదలకుండా పట్టుకుంటుంది. ఆ చెంపదెబ్బల మాట అతను ఒక్కసారైనా ఎత్తలేదు. ఎత్తి తిడితే బాగుండునని ఆమె రోజూ ఎదురుచూస్తుంది.