ఉత్త గోడకు ఒక ముఖం

లచ్చన్న బకెట్లోని నీళ్ళ మీద జిప్సం పొడి చల్లుతూ మధ్యమధ్య రొమ్ము రాసుకుంటున్నాడు. రాత్రి తిన్నది అరగలేదనుకున్నాడు. మస్కట్ దగ్గరి రుసైల్‌లో, జిప్సం అచ్చులు పోసే షెడ్డులో ఏళ్ళ తరబడి పనిచేసి, ఆ పొడికి అతని కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. "గల్ఫుకు పోతే నల్లబడుతరు గని, నువ్వేందిరా!" అని సొంతూరు మెట్‌పల్లిలో ఆటపట్టించేవారు.

ఈసారి పని మస్కట్‌లోని ఇండియన్ స్కూలుది. పిల్లలు రోమ్ నాటకం వేస్తున్నారు. దానికి కావలసిన జిప్సం స్తంభాలు చూడవచ్చిన చరిత్ర మాస్టారు వెంకటేశ్వరరావు సంబరం పట్టలేక కథంతా విప్పాడు.

"ఈ స్తంభాలు రోమ్‌వాళ్ళ తొలి సభాభవనానివి లచ్చన్నా. అందులో కూర్చునే పెద్దల్ని తండ్రులనే పిలిచేవాళ్ళు. గొప్పింటివాళ్ళయితే, పదవులు చేసిన తాతముత్తాతల ముఖాలు మైనంతో చేయించి ఇంట్లో పెట్టుకునేవాళ్ళు. ఎవరన్నా పోతే, అవి తగిలించుకుని శవం వెంట నడిచేవాళ్ళు."

"ఫోటువలు లేకుండెనా సార్?"

"అప్పుడు ఫోటోలెక్కడివయ్యా!"

లచ్చన్న మళ్ళీ జిప్సం కలపసాగాడు. అతని తండ్రికీ ఫోటో లేదు. ఆయన పోయినప్పుడు కంపెనీ సెలవివ్వలేదు. పెద్దల అమావాస్య పెత్రమాసనాడు ఊరంతా పెద్దల పటాలకు దండలు వేస్తుంటే, తల్లి కనకవ్వ ఉత్త గోడకు బొట్టు పెట్టి మొక్కుతుంది. వచ్చే పెత్రమాసకైనా ఆమె ముందు ఒక ముఖం ఉండాలి. కానీ ఎంత తలచుకున్నా అయ్య ముఖం గుర్తుకు రావడం లేదు. ఆ సిగ్గు ఎవరితో చెప్పుకుంటాడు?

"నువ్వు మీ అయ్య లెక్కనే ఉంటవ్" అని తల్లి ఎప్పుడూ అనేది. అందుకే తన ముఖానికే అచ్చు తీయించాలని, అన్నాల వేళ కొబ్బరినూనె రాసుకుని, ముక్కులో గొట్టాలు పెట్టుకుని బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. రూమ్‌లో తోడుండే సంజీవ్ తడి జిప్సం పూశాడు.

"ఊపిరాడుతుందా అన్నా?"

లచ్చన్న వేలెత్తాడు.

గట్టిపడిన అచ్చును ఊడదీసి, అందులో మళ్ళీ జిప్సం పోసి, ఆరాక బయటికి తీశారు. అయ్య! కళ్ళు మూసుకుని, బాగా అలసిపోయిన అయ్య. లచ్చన్న బావురుమన్నాడు.

"గిదే సంజీవ్, గిదే మా అయ్య. అవ్వకు పంపియ్యాలె."

కాసేపు కూర్చుంటానని బస్తాలకు ఆనుకున్నాడు. సాయంత్రం డ్యూటీ బస్సు హారను కొట్టినా లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు.

శవపేటికతో పాటు ఆ ముఖాన్నీ గుడ్డలో చుట్టి ఊరికి పంపాడు సంజీవ్. కనకవ్వ దాన్ని మొగుడిదని మొక్కుతుందో, కొడుకుదని ఏడుస్తుందో అతనికి తెలియలేదు. తలచుకుంటే దుఃఖం ఆగలేదు.

అచ్చు మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది. పెదవికి పైన, మీసం వెంట్రుకలు రెండు దానికి అంటుకునే ఉన్నాయి.