చంద్రమొగిలి ఫోటోకు దండ

జంపఖానా మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, ఒకరి చేతి నూలు ఇంకొకరు అందుకుంటేనే నేత సాగుతుంది. అదేం చోద్యమో గానీ రాజవీరు పక్కన కూర్చున్నది చచ్చి ఏడాదైన చంద్రమొగిలి. మగ్గం జైల్లో ఉన్నట్టుంటుంది, చూస్తుండగానే యూనియన్ ఆఫీసులోకి వస్తుంది. గోడ మీద చంద్రమొగిలి ఫోటో. సాయంత్రం దానికి దండ వేయాల్సింది రాజవీరే. ఆ సంగతి కలలోనూ మరుపు రావడం లేదు, కడుపు భగభగా మండుతోంది.

"ఇల్లిల్లు తిరిగి యూనియన్ కట్టింది నేను. చెప్పులరిగినయి నావి. దండ నీకా? సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేరా!"

"కట్టింది నువ్వే, కాదన్ననా?" నూలు సర్దుకుంటూ అంటాడు చంద్రమొగిలి. "ఏమని కట్టినవ్?"

ఏమనేముంది! జైల్లో ఖైదీలు కూలీనాలీ లేకుండా జంపఖానాలు నేస్తుంటే, సేటు ఆ చౌక సరుకు చూపించి బయట మగ్గాల కూలి తెగ్గోశాడు. జైలు సరుకు తగలబెట్టాలని రాజవీరు గొంతు చించుకున్నాడు. నలుగురొచ్చారు, విని పోయారు. అప్పుడే శిక్ష ముగించుకుని వచ్చిన ఈ చంద్రమొగిలి లేచి, "లోపలోళ్లకు గూడ మనంత కూలియ్యాలె. అప్పుడు సేటుకు చౌక సరుకు యాడ దొరుకుతది?" అన్నాడు. అంతే, నేతగాళ్ల వాడంతా మగ్గాలాపి కూర్చుంది, కూలి పెరిగింది. తన మాటకు కదలని జనం జైలు నుంచొచ్చినవాడి మాటకు లేస్తే ఎవడోర్చుకుంటాడండీ?

"ఆ మాట నాకెందుకు తట్టలేదురా?" అంటూ ఏడుస్తున్నాడు రాజవీరు.

"ఖైదీల సంగతి నీకెట్ల తెలుస్తది? నేనొచ్చిన్నాడు ఈ మగ్గం మీదనే నీ పక్కన కూసున్న. జైలు చెయ్యి ముట్టనని లేచిపోయినవ్. నూలు నా చేతిలనే ఉండె."

చంద్రమొగిలి ఇప్పుడూ ఆ నీలం నూలే చాస్తున్నాడు. ఇచ్చేది కూడా వాడేనా అని రాజవీరుకు మళ్లీ ఒళ్లు మండుతుంది, చెయ్యి లేవదు. మగ్గం వెడల్పవుతూ పోతోంది, వాడు దూరమైపోతున్నాడు. "ఆగురా, పోకు! ఇయ్యి!" అంటూ రాజవీరు చెయ్యి చాచేస్తాడు.

"ఏందయ్యా, పట్టపగలు కలవరింతలు?"

కళ్లు తెరిచాడు. భార్య సాంబలక్ష్మి పక్కన కూర్చుని చంద్రమొగిలి ఫోటోకు బంతిపూల దండ కడుతోంది. అతని చెయ్యి ఇంకా ఆమె ముందుకు చాచే ఉంది.

"చాపినవ్ గద, ఇగో, ఈ కొస పట్టుకో," అని దారం చేతిలో పెట్టింది.

రాజవీరు పట్టుకున్నాడు.